పేరెత్తకూడని ప్రత్యర్థి

2000 నవంబరు 1న రాయపూర్ రాజధాని అయింది. నవంబరు 2 నుంచి ఊళ్ళో కుర్చీలు చాలలేదు.

మొదటి వాక్యం చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. రెండోదానికి సాక్షిని నేనే. అప్పట్లో నేను ఒక టెంట్ హౌస్‌లో లెక్కలు రాసేవాణ్ణి. షామియానాలు, మైకులు, కుర్చీలు అద్దెకిచ్చే దుకాణం అది. అంతవరకూ పెళ్ళిళ్ళకూ కర్మలకూ వెళ్ళిన కుర్చీలు కొత్త రాష్ట్రం రాగానే సభలకు వెళ్ళసాగాయి. పెళ్ళికి వెళ్ళిన కుర్చీ నాలుగు కాళ్ళతో తిరిగి వస్తుంది. సభకు వెళ్ళిన కుర్చీ మూడు కాళ్ళతో వస్తుంది. రాజకీయాల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా ఒక శాసనసభ్యుడి దగ్గర నిజ్ సహాయక్‌గా, అంటే ఆయన సొంత కార్యదర్శిగా పనిచేశాను. పదవి ఉన్నప్పుడూ చేశాను, పోయినప్పుడూ చేశాను. మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈమధ్య ఇదే పనిలో చేరారు. వాళ్ళలో ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, "అంకుల్, అసలు అక్కడ చేసే పనేంటి?" అని అడిగింది. నియమావళిలో రాసి ఉన్న పనిని ఎవరైనా చదువుకోవచ్చు. రాసి లేని పని గురించి ఇది రాస్తున్నాను.

ఎన్నికల సంవత్సరాలు ఉన్నవి ఉన్నట్టు ఇస్తాను. ఓట్ల అంకెలు ఇవ్వను. ఇస్తే నియోజకవర్గం ఏదో, మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అంకెలు లేకుండా రాయడం నాకు ఉప్పు లేని కూడు తిన్నట్టే ఉంది, అయినా తప్పదు. మా నాయకుణ్ణి అందరూ పిలిచినట్టే భయ్యాజీ అంటాను. ఆయన ప్రత్యర్థి పేరు రాయకపోవడానికి మాత్రం వేరే కారణం ఉంది. ఆ కారణం చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

కుర్చీల వాడు

2003 ఎన్నికల్లో భయ్యాజీ మొదటిసారి పోటీ చేశారు. బీర్‌గావ్‌లో సభ అయిపోయాక కుర్చీలు ఎక్కించుకోవడానికి లారీతో వెళ్ళాను. ఆయన వేదిక వెనక ముఖం కడుక్కుంటూ, ఎంతమంది వచ్చారని అడుగుతున్నారు.

"పది వేలు, భయ్యాజీ," అన్నాడు ఒక కార్యకర్త.

"పదిహేను," అన్నాడు రెండోవాడు, వేలంపాటలో పైకం పెంచినట్టు.

ఆయన తువాలు తీసుకుంటూ నా వైపు చూశారు. "నువ్వెవరు?"

"కుర్చీల వాణ్ణి."

"అయితే నువ్వు చెప్పు."

"వేసినవి ఎనిమిది వందలు. వెనక రెండు వరసల్లో ఎవరూ కూర్చోలేదు."

"నిలబడ్డవాళ్ళో?"

"వాళ్ళు పకోడీల బండి చుట్టూ నిలబడ్డారు. బండి వెళ్ళగానే వాళ్ళూ వెళ్ళారు."

కార్యకర్తలిద్దరూ నన్ను కొట్టేలా చూశారు. భయ్యాజీ మాత్రం తువాలు భుజాన వేసుకుని, "నీకు అబద్ధం ఆడటం రాదా?" అన్నారు.

"వస్తుందండీ. కుర్చీల విషయంలో రాదు."

మర్నాడు కబురు పెట్టారు. పేరు అడిగారు. నేను ఇంటిపేరు చెబుతుండగానే "సరే, రావ్ సాబ్" అని తేల్చేశారు. రాయపూర్‌లో తెలుగువాడికి బారసాలనాడు ఏ పేరు పెట్టినా చివరకు రావ్ సాబ్‌గానే మిగులుతాడు.

పనిలో చేరిన మొదటి ఏడాదే కొన్ని సంగతులు గ్రహించాను. ఎమ్మెల్యే ఎవరితోనైనా "చూపిస్తాను" (ఎవరికైనా చెప్పి వాకబు చేయిస్తాను) అంటే ఆ పని కాదు. "అధికారితో మాట్లాడతాను" అంటే ఆ అధికారి ఎవరో ఆయనకు తెలియదు. అర్జీదారు భుజం మీద చెయ్యి వేస్తే అతణ్ణి గుమ్మం వైపు నడిపిస్తున్నారని అర్థం. నిజంగా చేయదలచిన పని గురించి ఆయన అక్కడ ఒక్క మాటా అనరు, కారెక్కాక చెబుతారు. అందుకని కారులో చెప్పింది రాసుకోండి. వేదిక మీద చెప్పింది విలేకరులు రాసుకుంటారు. బీర్‌గావ్‌లో ఒక నీళ్ళ ట్యాంకుకు మేము వేర్వేరు వేదికల మీద మూడుసార్లు ప్రారంభోత్సవం చేశాము. నీళ్ళు ఒక్కసారీ రాలేదు. కొబ్బరికాయ ప్రతిసారీ కొత్తదే కొట్టాము.

టిట్లాగఢ్ ప్లాట్‌ఫారం

ఇప్పుడు మితాన్ అనే మాట చెప్పాలి. ఈ ప్రాంతంలో పనిచేయబోయే మనవాళ్ళకు ఇది ఓటర్ల జాబితా కంటే ముఖ్యం.

ఛత్తీస్‌గఢ్‌లో ఇద్దరు స్నేహితులు మితాన్ కట్టుకుంటారు. అది మాటతో పోయే స్నేహం కాదు, ఒక క్రతువు. పూరీ జగన్నాథుడి గుడి నుంచి తెచ్చిన ఎండు అన్నం మెతుకులు ఒకరి నోట్లో ఒకరు పెట్టి, కొబ్బరికాయలు మార్చుకుంటే ఆ ఇద్దరూ బతికినన్నాళ్ళూ 'మహాపరసాద్'లు. ఇక ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఎదురుపడితే "సీతారామ్, మహాపరసాద్" అనుకోవాలి. మితాన్ తల్లి తనకు ఫూల్‌దాయి, తండ్రి ఫూల్‌బాబు. వాళ్ళు పోతే తానూ కొడుకే. గుండు చేయించుకుని కర్మకు కూర్చోవాలి. కులం అడ్డు రాదు, ఆస్తి అడ్డు రాదు. మనవైపు వియ్యంకుడి మీద కోర్టుకు వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ మితాన్ మీద గొంతు పెంచినా ఊరు నవ్వుతుంది.

భయ్యాజీకి యవ్వనం నుంచి ఒక మితాన్ ఉన్నారు. సిల్తారా దాటాక వచ్చే ఒక పల్లెలో వరి రైతు, చాలాకాలం సర్పంచి. ఇద్దరూ ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనప్పుడు వేర్వేరుగా పూరీ వెళ్ళి, టికెట్ లేకుండా తిరిగి వస్తూ, ఒకే రైలుపెట్టెలో దొరికిపోయి, దారిలో ఉన్న టిట్లాగఢ్‌లో దింపివేయబడ్డారు. ప్లాట్‌ఫారం మీద ఆకలి తట్టుకోలేక, ఇళ్ళకు పట్టుకెళుతున్న ప్రసాదం పొట్లాలు విప్పి తినేశారు. తిన్నాక పాపభయం పట్టుకుంది. మిగిలిన మెతుకులతో మితాన్ కట్టుకున్నారు, ప్రసాదం వ్యర్థం కాలేదని దేవుడికి చూపించడానికి.

"అందులో భక్తి ఏమీ లేదు, రావ్ సాబ్," అని భయ్యాజీ ఒకసారి కారులో చెప్పారు. "ఆకలి, భయం. రెండూ అసలైనవే కదా, అందుకే ముడి గట్టిగా పడింది."

ఆ మితాన్‌ది మాకు ఎదురు పార్టీ. 2003లో ఆయన ఊరు మా నియోజకవర్గంలో లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

మితాన్‌ల టోకు వ్యాపారం

ఇబ్బందిని మేమే కొని తెచ్చుకున్నాము. ఆ ఎన్నికల్లోనే పార్టీలో ఒక పెద్దమనిషి భయ్యాజీ చెవిలో ఊదాడు: "ఒక్క మితాన్ ఉంటేనే ఆ ఊళ్ళో నీకంత గౌరవం. ఊరికొక మితాన్ ఉంటే నిన్ను ఓడించేదెవరు?"

భయ్యాజీ రాజకీయ జీవితం మొత్తంలో ఇంతకంటే పెద్ద తప్పు చేయలేదు. ఎండు ప్రసాదం బస్తాల్లో వచ్చింది. సభ ముగింపులో ఆ ఊరి పెద్దను వేదిక మీదకు పిలవడం, మెతుకులు తినిపించడం, కొబ్బరికాయ, చప్పట్లు, పక్క ఊరు. గెలిచాము. మరుసటి వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"సీతారామ్, మహాపరసాద్," అంటుంది అవతలి గొంతు. ఏ మహాపరసాద్? అడగకూడదు, మితాన్ గొంతు గుర్తుపట్టకపోవడం అవమానం. పేరు చెప్పమనకూడదు, చెప్పినా ఈయన తిరిగి పలకకూడదు. చివరకు నేను వాళ్ళందరికీ నంబర్లు పెట్టాను. ఫోను నేను ఎత్తి, ఊరు రాబట్టి, భయ్యాజీకి వేళ్ళతో నంబరు చూపించేవాణ్ణి. ఆయన నంబరును బట్టి కుశలప్రశ్నలు వేసేవారు. టిట్లాగఢ్ మితాన్‌కు కూడా ఒక నంబరు ఇవ్వబోతే మాత్రం కలం పట్టుకుని ఆపారు.

"ఆయనకు వద్దు."

"వరుసలో ఉంటుందని..."

"వద్దన్నానా."

ఊరికొక మితాన్ అంటే ఊరికొక తల్లి, తండ్రి కూడా. అందరూ ముసలివాళ్ళే. వరసగా పోవడం మొదలుపెట్టారు. మా డ్రైవరు అప్పన్నది శ్రీకాకుళం వైపు. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసి ఇక్కడే స్థిరపడ్డాడు. మూడో గుండు తర్వాత అప్పన్న నాతో, "రావుగోరూ, ఇది ఎమ్మెల్యే గాడీ కాదండి, కర్మల బండండి. బాబు తల మీద ఎంటుకలు మొలవనిస్తన్నారేటి?" అన్నాడు.

"నోరు ముయ్యి, వింటారు."

"ఆరికి తెలుగు రాదు కదండి."

"గుండు నిమురుకుంటూ మాట్లాడితే ఏ భాషైనా అర్థమవుతుంది."

నాలుగోసారి భయ్యాజీ వెళ్ళలేదు. పెద్ద పూలదండ పంపించారు. ఆ తర్వాత అన్ని ఊళ్ళకూ దండలే వెళ్ళాయి. పల్లె జనం దానికి వెంటనే పేరు పెట్టారు: 'దండ మితాన్'. మనిషికి బదులు పూలు వచ్చే బంధుత్వం అని. ఆ మాట భయ్యాజీ చెవికెక్కడానికి రెండేళ్ళు పట్టింది. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా పదిహేను వేలమంది వచ్చారనే చెబుతున్నారు.

2008

2008 ఎన్నికలకు ముందు నియోజకవర్గాల హద్దులు మారాయి. టిట్లాగఢ్ మితాన్ ఊరు మా హద్దులోకి వచ్చింది. ఎదురు పార్టీవాళ్ళు మూర్ఖులు కారు. ఆయనకే టికెట్ ఇచ్చారు. భయ్యాజీ నోరు కట్టేయడానికి అంతకంటే మంచి తాడు లేదని వాళ్ళ లెక్క. ఆ తాడుకు రెండో కొస తమ అభ్యర్థి మెడకే ఉందని వాళ్ళు చూసుకోలేదు.

మా పార్టీ ఢిల్లీ నుంచి ఒక ప్రచార నిపుణుణ్ణి పంపింది. ల్యాప్‌టాప్, తెల్ల బూట్లు, ఇరవై ఏడెనిమిదేళ్ళ ఆత్మవిశ్వాసం. ఆ యువకుడికి మొదటివారంలోనే మంచి సరుకు దొరికింది. మితాన్ సర్పంచిగా ఉన్నప్పుడు ఊరి పశువుల బీడును ఒక కర్మాగారానికి ఇవ్వడానికి గ్రామసభ తరఫున సంతకం చేశారు. ఇప్పుడు ఆ ఊళ్ళో వడ్లు ఆరబోస్తే సాయంత్రానికి నల్లటి ధూళి పేరుకుంటుంది.

"ఈ ఒక్క కాగితం చాలు సర్," అన్నాడు నిపుణుడు. "ప్రతి సభలో చదువుదాం. నెరేటివ్ సెట్ అయిపోతుంది."

భయ్యాజీ కాగితం తిరగేసి చూశారు. "నిజమే. కాని కింద పేరుంది కదా."

"ఉండాలి కదా సర్. అదే పాయింటు."

"నేను ఆ పేరు చదవను."

"నేను చదువుతాను."

"నా మైకులో కాదు."

నిపుణుడు నా వైపు తిరిగాడు, ఈయనకు మతి పోయిందా అన్నట్టు. నాకూ కాగితం చదవాలనే ఉంది. అందులో అబద్ధం లేదు, తేదీతో సహా సరిగ్గా ఉంది. కాని చదివినరోజు ఈయన ఎన్ని ఓట్లు గెలుచుకుంటారో, మితాన్ మీద నోరు చేసుకున్నందుకు ఎన్ని పోగొట్టుకుంటారో ఆ ల్యాప్‌టాప్‌లో లేదు. నా దగ్గరా లేదు.

అవతలివైపు మితాన్‌కూ ఇదే తద్దినం. వాళ్ళ పార్టీ ఆయన చేతికి మా నీళ్ళ ట్యాంకు కథ ఇచ్చింది. బీర్‌గావ్ సభలో ఆయన మైకు ముందు చాలాసేపు నిలబడి, చివరకు ఇలా అన్నారట: "ట్యాంకు ఉంది. నీళ్ళు లేవు. ఎందుకు లేవో ఎవరిని అడగాలో మీకు తెలుసు. నేను అడగలేను, మీరు అడగండి."

జనం పొట్ట పట్టుకుని నవ్వారట. ఈ సంగతి అప్పన్న చెప్పగానే కారులో భయ్యాజీ కూడా నవ్వారు. నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, "పేరు చెప్పి తిట్టి ఉంటే ఇంత తగిలేది కాదు," అన్నారు. "రావ్ సాబ్, ఆ ట్యాంకు వాల్వు సంగతి రేపు చూడు."

కారులో చెప్పిన మాట కాబట్టి రాసుకున్నాను. వాల్వు నిజంగానే పోయింది. పోలింగ్‌కు ముందే ట్యాంకులో నీళ్ళు వచ్చాయి, ఎన్నికల కోడ్ అమల్లో ఉండటంతో మేము చేయించామని చెప్పుకోలేకపోయాము. మితాన్ తన తర్వాతి సభలో, "చూశారా, అడిగితే వస్తాయి," అన్నారు.

రెండు గుండ్లు

ప్రచారం ఆఖరి ఘట్టానికి వచ్చేసరికి మితాన్ తల్లి, అంటే భయ్యాజీకి ఫూల్‌దాయి, పోయింది. కబురు వచ్చేసరికి మేము ఉర్లా కార్మికుల సభలో ఉన్నాము. భయ్యాజీ మాట మధ్యలో ఆపి వేదిక దిగారు.

నిపుణుడు కారు దాకా పరుగెత్తుకొచ్చాడు. "సర్, చాలా విచారకరం. ఇప్పుడే పెద్ద దండ పంపిద్దాం. అంత్యక్రియలకు పది నిమిషాలు వెళ్ళొస్తే ఫోటో కూడా వస్తుంది."

దండ అనే మాట వినగానే భయ్యాజీ ముఖం మారింది. "నేను దండ మితాన్‌నట. విన్నావా, రావ్ సాబ్?"

"విన్నాను."

"ఎప్పుడు?"

"రెండేళ్ళ కిందట."

"నాకు చెప్పలేదేం?"

"విన్నరోజే చెప్పాను. మీరు 'చూపిస్తాను' అన్నారు."

ఆయన కారు తలుపు తీశారు. నేను చెప్పవలసింది అప్పుడే చెప్పాను. కర్మ పూర్తయ్యేదాకా అక్కడ కూర్చుంటే ప్రచారానికి ఇక సమయం మిగలదు. బరిలో మూడోవాడు ఉన్నాడు, టాటీబంధ్‌లో లారీల ఆఫీసు నడిపే తిరుగుబాటు అభ్యర్థి. అతని లారీలు మైకులు కట్టుకుని ఊరూరా తిరుగుతున్నాయి. మీరు వెళ్ళి కూర్చుంటే సీటు పోతుంది.

"నీ లెక్క సరిగానే ఉంది," అన్నారు భయ్యాజీ. "మంగలిని పిలిపించు."

ఆ తర్వాతి రోజుల్ని నేను ఎన్నటికీ మరువలేను. మితాన్ ఇంటి ముంగిట్లో ఒకే చాప మీద ఇద్దరు ప్రధాన అభ్యర్థులు, ఇద్దరివీ నున్నటి గుండ్లు. ప్రహరీ బయట ఒకవైపు మా జెండాలు, ఇంకోవైపు వాళ్ళ జెండాలు. అవతలి అభ్యర్థి ఎప్పుడు లేచి ప్రచారానికి వెళతాడోనని ఇరుపక్షాలవాళ్ళూ గుమ్మం మీద కన్నేసి కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. ముంగిట్లో ఆ ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఛత్తీస్‌గఢీలో. నాకు గుర్తున్నంత మేరకు తెలుగులో పెడుతున్నాను.

"నువ్వు వెళ్ళు, మహాపరసాద్. నీ వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"ముందు నువ్వు వెళ్ళు."

"పోయింది మా అమ్మ."

"నాకు అత్తగారా?"

"నువ్వు ఇక్కడ కూర్చుంటే జాలి ఓట్లన్నీ నీకే పడతాయని మావాళ్ళు ఏడుస్తున్నారు."

"నీకు పడతాయని మావాళ్ళు ఏడుస్తున్నారు."

"ఆ గుండుతోనా? నీ గుండు చూస్తే పిల్లలు జడుసుకుంటారు."

"నీది చూసి పెద్దవాళ్ళు జడుసుకుంటున్నారు."

లోపల ఆడవాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. అయినా భయ్యాజీ ఊరికే కబుర్లు చెప్పలేదు. దశకర్మ ముందురోజు, నేను తప్ప ఎవరూ లేకుండా చూసి, మితాన్‌తో మెల్లగా అన్నారు: "ఆ బీడు కాగితం నా దగ్గరుంది."

"నీ ట్యాంకు నా దగ్గరుంది," అన్నారు మితాన్.

"నేను చదవను."

"తెలుసు. చదివి ఉంటే అమ్మ పాడె నీతో మోయించేవాణ్ణి కాదు." చాప మీద వేలితో గీత గీసి చూపిస్తూ అన్నారు: "ఆ సంతకం నేను పెట్టకుండా ఉండవలసింది, మహాపరసాద్. ధూళి ఇదిగో, ఈ చాప మీద కూడా పడుతోంది."

లారీల అభ్యర్థి కూడా పరామర్శకు వచ్చాడు. ఇద్దరి పాదాలకూ నమస్కరించాడు, కళ్ళు తుడుచుకున్నాడు, టీ తాగాడు, బయటకు వెళ్ళి లారీ ఎక్కి మైకు అందుకున్నాడు. అతని గొంతు ఊరి పొలిమేర దాటేదాకా మాకు వినిపిస్తూనే ఉంది.

అప్పన్న నా పక్కకు వచ్చి, "ఎలచ్చనైపోనాది రావుగోరూ," అన్నాడు.

అతని లెక్క కూడా సరిగానే ఉంది.

లెక్కింపు

డిసెంబరులో ఓట్లు లెక్కించారు. హాలులో ఇద్దరి తలల మీదా అప్పుడప్పుడే గరుకుగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. లారీల అభ్యర్థి గెలిచాడు. మితాన్ రెండో స్థానం, భయ్యాజీ మూడో స్థానం. వారిద్దరి మధ్య తేడా మూడంకెలు కూడా లేదు. 'దండ మితాన్' అనిపించుకున్న ఊళ్ళలో మాకు పడిన ఓట్లు చూసి నేను అధికారి ఇచ్చిన అంకెల్ని రెండుసార్లు సరిచూసుకున్నాను. రెండుసార్లూ సరిగానే ఉన్నాయి. టిట్లాగఢ్ మితాన్ సొంత ఊళ్ళో మాత్రం, ఆయన తర్వాత భయ్యాజీకే ఎక్కువ పడ్డాయి. లారీకి అక్కడ దాదాపు ఏమీ దక్కలేదు.

హాలు బయట మితాన్ భయ్యాజీ భుజం తట్టి, "సీతారామ్, మూడో నంబరు," అన్నారు.

పేరు కాదు కాబట్టి దోషం లేదు. నంబరుకు ఆచారంలో నిషేధం ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. భయ్యాజీకి కూడా కోపం రాలేదు. ఆ రోజు నుంచి మితాన్ ఆయన్ని ఏడిపించాలనుకున్నప్పుడల్లా మూడో నంబరు అనేవారు.

ఓడిన ఎమ్మెల్యే దగ్గర పనిచేయడం గురించి ఒక మాట చెబుతాను. మొదటి నెలలో ఫోను ఆగిపోతుంది, రెండో నెలలో టీ తాగడానికి వచ్చేవాళ్ళు ఆగిపోతారు. మితాన్‌ల జాబితాలో నంబరు ఉన్నవాళ్ళలో ఒక్కడూ రాలేదు. నంబరు లేని మనిషి మాత్రం వరి కోతలు కాగానే కొత్త బియ్యం వేసుకుని వచ్చి, మా ఖాళీ ఆఫీసులో కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. ఈ వృత్తిలో ఎవరి విలువ ఎంతో తేల్చే లెక్కింపు ఇదే. దీని ఫలితాలు ఏ అధికారీ ప్రకటించడు.

మూడు వేళ్ళు

2013లో భయ్యాజీకి మళ్ళీ టికెట్ వచ్చింది. మితాన్‌కు ఆయన పార్టీ ఇవ్వలేదు. ఊళ్ళకు కొత్తవాడైన మరొకరికి ఇచ్చింది. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన మరునాడు మితాన్ మా గుమ్మంలోకి వచ్చారు.

"నీకు ఓట్లు అడుగుతాను," అన్నారు.

భయ్యాజీ కుర్చీలోంచి లేచారు. "మీ పార్టీ ఏమంటుంది?"

"పార్టీ మారను. నీ జెండా పట్టను. నీ గుర్తు మా ఇంటి గోడ మీద వేస్తే చెరిపేస్తాను. నీ పేరు ఎలాగూ పలకను."

"మరి ఏమని అడుగుతావు?"

మితాన్ నా వైపు తిరిగారు. "అందుకే రావ్ సాబ్ దగ్గరికి వచ్చాను. పేరు లేకుండా, గుర్తు లేకుండా మనిషిని చెప్పడం ఈయనకే వచ్చు."

ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థుల వరస క్రితం రోజే ఖరారైంది. నేను కాగితం తీసి చూపించాను. భయ్యాజీ పేరు ఎదురుగా ఉన్న అంకె చదివి మితాన్ ఎంత నవ్వారంటే, అప్పన్న బయటి నుంచి ఏమైందోనని లోపలికి వచ్చాడు.

"మూడు. ఎప్పటినుంచో ఇతనిది మూడే కదా."

ఆయన ఊరూరా తిరిగారు. ఇంటి గడపలో నిలబడి మూడు వేళ్ళు చూపించి వెళ్ళిపోయేవారు. ఉపన్యాసం లేదు, హామీ లేదు. అందుకే జనం అడిగేవారట, ఇంత చెయ్యడానికి ఆయన నీకేం చేశాడని. "మా అమ్మ పోతే గుండు చేయించుకున్నాడు," అనేవారట, "సీటు పోతుందని తెలిసి." దండలు వెళ్ళిన ఊళ్ళకు కూడా ఆయనే ముందు వెళ్ళారు. అక్కడ తిట్లు తిన్నది ఎక్కువ, అయినా వేళ్ళు దించలేదు. భయ్యాజీ గెలిచారు. తేడా పెద్దదేమీ కాదు, దాన్ని ఏ ఊరు ఇచ్చిందో నేను బూత్ బూత్‌నా చూశాను.

గెలిచాక భయ్యాజీ శాసనసభలో లేవనెత్తిన మొదటి ప్రశ్న నల్లటి ధూళి గురించి. బీడు ఎవరి సంతకంతో పోయిందన్న ప్రస్తావన అందులో లేదు. ధూళి పట్టే యంత్రాలు అమర్చారు, తనిఖీ రోజుల్లో అవి పనిచేస్తాయి. మిగతా రోజుల్లో చాప మీద గీత గీస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. అంతకంటే ఎక్కువ సాధించామని నేను రాస్తే కుర్చీలు నన్ను నమ్మవు.

సంతాప సభ

2018లో ఆయనకు టికెట్ రాలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు భయ్యాజీ పోయారు. బీర్‌గావ్‌లో, అదే మైదానంలో, సంతాప సభ పెట్టారు. నేను అలవాటు కొద్దీ కుర్చీలు చూశాను. వెనక వరసలు కూడా నిండాయి. పకోడీల బండి లేదు.

పెద్ద నాయకులు ఒక్కొక్కరే వచ్చి ఆయన పూర్తిపేరు, ఇంటిపేరు, బిరుదులు పలికి వెళ్ళారు. ఒకాయన ఇంటిపేరు తప్పు చెప్పాడు. ఇంకొకాయన ట్యాంకు గురించి చెబుతూ నీళ్ళు తానే తెప్పించానన్నాడు. చివరకు మితాన్‌ను పిలిచారు. చేతికర్ర, కొత్తగా గీసిన గుండు. అప్పన్న చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

మైకు ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. ముందువరసలో ఎవరో, "ఇప్పుడైనా పేరు చెప్పవచ్చు కదా, మనిషే లేనప్పుడు," అని గొణిగారు. ఆయనకు వినబడినట్టుంది. అటు చూసి తల అడ్డంగా ఊపారు. తర్వాత జనంలో నన్ను కళ్ళతో వెతికి పట్టుకున్నారు.

"రావ్ సాబ్, రెండో నంబరు వాణ్ణి నేనిక్కడే ఉన్నాను. మూడో నంబరు ముందు వెళ్ళిపోయాడు. వరస ఎక్కడ తప్పిందో కాస్త చూడు."

మైదానమంతా నా వైపు తిరిగింది. నేను లేచి నిలబడి, "చూస్తాను," అన్నాను.